ఇంటి వర్క్‌షాపులో తేనెటీగల పెట్టెలు చేసుకోవడం: ఏ కొలత, ఏ చెక్క, ఏ జాయింటు

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. నూజివీడు దగ్గర మామిడి తోట ఉన్న ఒకాయన అడిగారు: "ఇంటి వెనక షెడ్డులో సర్క్యులర్ సా, డ్రిల్లు, చెక్కకి గాడి తీసే ట్రిమ్మర్ ఉన్నాయి. అల్మరాలు, బల్లలు చేసిన అలవాటుంది. నెట్‌లో లాంగ్‌స్ట్రాత్ పెట్టె ప్లాన్ దొరికింది. మిగిలిపోయిన 19 ఎం.ఎం. ప్లైవుడ్‌తో నాలుగు పెట్టెలు చేసి, తోటలో చింతచెట్టు తొర్రలో ఉన్న ఈగల్ని అందులోకి మార్చాలనుకుంటున్నాను. ప్లైవుడ్ పర్వాలేదా? లోపల వార్నిష్ వేయాలా? ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?"

సూటిగా చెప్పాలంటే, పెట్టె మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. అల్మరా చేసిన చేతికి ఇది కష్టం కాదు. కానీ ఆ ప్లానూ, ఆ ప్లైవుడ్డూ రెండూ పక్కన పెట్టండి. చెట్టు తొర్రలో ఉన్నది మన నాటు ఈగ. దానికి న్యూటన్ పెట్టె కొలతలు కావాలి. ఎండిన చెక్కతో చేయండి. లోపల ఏ పూతా వేయొద్దు. ముందు ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు చేసి, ఆ తర్వాత వాటి చుట్టూ పెట్టె కట్టండి. ఇక ఎందుకో వివరంగా చెప్తాను.

ఏ ఈగకి ఏ పెట్టె

లాంగ్‌స్ట్రాత్ పెట్టె ఇటాలియన్ ఈగకి, అంటే ఏపిస్ మెలిఫెరాకి. అది మన దేశంలో నిలదొక్కుకున్నది 1962 తర్వాత, హిమాచల్‌లోని నగ్రోటా దగ్గర. పొద్దుతిరుగుడు, నువ్వు పూతల వెంబడి లారీల్లో పెట్టెలు తిప్పేవాళ్ళ దగ్గర మీరు చూసేది ఈ ఈగనే. వాళ్ళు పెట్టెతో పాటు ఈగల్నీ కొనుక్కుని తెచ్చుకుంటారు. చెట్టు తొర్రలో, పాత గోడ సందులో, పుట్టలో దొరికేది ఏపిస్ సెరానా ఇండికా. చాలా చోట్ల పుట్టతేనె ఈగ అంటారు. ఒళ్ళు చిన్నది, కుటుంబం చిన్నది, పట్ల మధ్య దూరం కూడా తక్కువ.

ఈ తేడా మన పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసు. 1911–17 మధ్య తిరుచ్చి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ అనే జెసూట్ మతగురువు దక్షిణాది నాటు ఈగకి తగ్గట్టు చిన్న పెట్టె తయారుచేసి, చుట్టుపక్కల వాళ్ళకి నేర్పాడు. ఇప్పటికీ దక్షిణాదిలో ఆ పెట్టెనే ఆయన పేరుతో పిలుస్తున్నాం. తర్వాత భారత ప్రమాణాల సంస్థ కూడా ఐ.ఎస్. 1515 కింద పెట్టెల కొలతలు ఖాయం చేసింది. అందులో 'ఎ' రకం ఇంచుమించు ఈ సైజుకే వస్తుంది. 'బి' రకం కొంచెం పెద్దది.

కోనసీమలో నాకు తెలిసిన ఒక కొబ్బరి రైతు లాంగ్‌స్ట్రాత్ పెట్టె ముచ్చటగా చేయించి, అందులో నాటు ఈగల కుటుంబాన్ని పెట్టాడు. ఈగలు ఒక మూల నాలుగు పట్లు కట్టుకుని ఊరుకున్నాయి. మిగతా జాగా అంతా ఖాళీ. ఆ ఖాళీని కాపలా కాయడానికి ఈగలు చాలలేదు. వానాకాలంలో మైనపు పురుగు (పట్లని తినేసే పురుగు) పట్టింది, నెల తిరక్కుండా ఈగలు లేచిపోయాయి. పెట్టె పనితనం మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. సైజే తప్పు.

ఇంకో మాట. నీళ్ళ ట్యాంకు కిందో, మర్రికొమ్మకో ఒకే పెద్ద పట్టు వేలాడదీసే పెద్ద ఈగనీ, పొదలో కొమ్మకి అరచేయంత పట్టు కట్టే చిట్టి ఈగనీ పెట్టెలో పెట్టలేరు. అవి ఆరుబయట ఒక్క పట్టే కడతాయి. మీ తొర్రలో ఉన్నవి పక్కపక్కన వరసగా పట్లు కట్టాయో లేదో టార్చి వేసి చూసుకోండి. వరసగా ఉంటేనే ముందుకు వెళ్ళండి.

అసలు సంగతంతా 7 మిల్లీమీటర్ల సందులో ఉంది

పెట్టె అంటే నాలుగు గోడలు, ఒక మూత అని చాలామంది అనుకుంటారు. ఈగ మాత్రం గోడ కన్నా సందుని ఎక్కువ పట్టించుకుంటుంది. రెండు ఈగలు తిరగడానికి సరిపోయే సందుని దారిగా వదిలేస్తాయి. అంతకన్నా పెద్దదైతే 'ఇక్కడ చోటుంది' అని మైనంతో పట్టు కట్టేస్తాయి. మరీ ఇరుకైతే ఈగ దూరలేదు, పురుగు మాత్రం దూరుతుంది. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ 1851లో పట్టుకున్నది ఈ కిటుకునే. ఫ్రేములు పైకి తీసి మళ్ళీ పెట్టగలిగే పెట్టెలన్నీ దాని మీదే నిలబడ్డాయి. మన ఈగకి ఆ సందు 7 మి.మీ. అని పెట్టుకోండి. 6 నుంచి 8 దాకా ఫర్వాలేదు.

సందు తప్పితే ఏమవుతుందో మూత తీసిన రోజు తెలుస్తుంది. ఫ్రేమ్ చెవులు, అంటే పై పట్టీ రెండు చివరలూ పట్టుకుని పైకి లాగుతారు, రాదు. ఇంకొంచెం బలంగా లాగితే చిన్న శబ్దంతో ఊడి వస్తుంది. ఫ్రేమ్ పక్కన గోడకి కట్టిన అడ్డు పట్టు చీలి, గదుల్లోంచి తెల్లటి ప్యూపాలు బయటపడి ఉంటాయి. చీలిన చోట తేనె కారుతుంది, దానికి చీమలు వస్తాయి. అలా రెండు మూడు సార్లు చేశామంటే నాటు ఈగ ఆ ఇల్లు వదిలేస్తుంది. ఇటాలియన్ ఈగకి ఉన్నంత ఓర్పు దీనికి లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. దీన్ని వడ్రంగి పని తెలిసినవాళ్ళు తప్పక గమనించాలి. ఇటాలియన్ ఈగ సన్న పగుళ్ళని చెట్ల జిగురు తెచ్చి పూడ్చుకుంటుంది. మన ఈగకి ఆ అలవాటు లేదు. మీరు మూలలో వదిలిన వెంట్రుకవాసి సందు అలాగే ఉండిపోతుంది. మైనపు పురుగు తల్లి వచ్చి గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే. కాబట్టి నాటు ఈగకి చేసే పెట్టెకి జాయింట్లు మరింత బిగువుగా ఉండాలి. 'చిన్న పెట్టే కదా, నాలుగు మేకులు కొడితే సరి' అనుకోవడానికి లేదు.

సందు కొలవడానికి నా దగ్గర ఖరీదైన సాధనం ఏమీ లేదు. 6 ఎం.ఎం. డ్రిల్ బిట్టు ఒకటి, 9 ఎం.ఎం. బిట్టు ఒకటి జేబులో పెట్టుకుంటాను. ఫ్రేముకీ గోడకీ మధ్య 6 బిట్టు కాడ సులువుగా దూరాలి, 9 బిట్టు దూరకూడదు. నాలుగు మూలలా, పైనా కిందా చూస్తాను. పెట్టె పాసయిందో ఫెయిలయిందో చెప్పేది ఆ రెండు బిట్లే.

కొలతలు

కింద ఇచ్చేవన్నీ మిల్లీమీటర్లు. అంగుళాలు కలపకండి. సగం పొరపాట్లు అక్కడే వస్తాయి.

పిల్లల గది (రాణి గుడ్లు పెట్టే కింది గది) లోపలి కొలత 240 × 210, ఎత్తు 160. ఫ్రేములు 7. దాని మీద పెట్టే తేనె గది లోపలి పొడవు, వెడల్పు అవే, ఎత్తు మాత్రం 78. చెక్క మందం 23 అయితే బయటి కొలత 286 × 256 వస్తుంది. మీ చెక్క 20 వచ్చినా, 25 వచ్చినా లోపలి కొలత మారకూడదు, బయటిది ఎంతైనా మారనివ్వండి. ప్లాన్ తీసుకుని బయటి కొలతతో కోయడం మొదలుపెట్టేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైతే మీరే సరిచేసుకోగలరు. ఫ్రేమ్ పక్క పట్టీ వెడల్పు 28. ఏడు ఫ్రేములు ఆనించి పెడితే 196. రెండు చివర్లా 7 చొప్పున సందు వదిలితే 210. పొడవు వైపు చూస్తే, ఫ్రేమ్ లోపలి పొడవు 206, పక్క పట్టీల మందం 10 చొప్పున 20, మొత్తం 226. అటు 7, ఇటు 7 కలిపితే 240. ఎత్తు వైపు పై పట్టీ 6, లోపలి ఎత్తు 144, కింది పట్టీ 3, మొత్తం 153. కింద 7 వదిలితే 160. తేనె గది ఫ్రేమ్ లోపలి ఎత్తు 62. దానికి 9 కలిపితే 71, సందు 7, మొత్తం 78. అన్నీ ఆ ఏడు దగ్గరికే వస్తాయి.

పై పట్టీ వెడల్పు 21 ఉంచండి. పక్కపక్క ఫ్రేముల పై పట్టీల మధ్య కూడా అప్పుడు 7 మిగులుతుంది, ఈగలు అందులోంచి తేనె గదిలోకి ఎక్కుతాయి.

ఈ లెక్కలో పై పట్టీ పెట్టె పై అంచుతో సమంగా ఉంటుంది. అందుకని పైన పెట్టే మూత కింద చుట్టూ 8 మి.మీ. బీడింగ్ కొట్టాలి. లేకపోతే మూత ఫ్రేముల మీదే కూర్చుని, వేసిన ప్రతిసారీ ఈగలు నలిగిపోతాయి.

చెక్క

ప్లైవుడ్ ఎందుకు వద్దంటున్నానంటే, మామూలు ప్లై అంచులు నీళ్ళు పీల్చి పొరలు విడిపోతాయి. ఈగల పెట్టె రెండు వానాకాలాలు ఆరుబయట నిలబడాలి, లోపల్నించి కూడా ఈగల ఊపిరి తేమ తగులుతూనే ఉంటుంది. పొరల మధ్య విడిన సందులు మళ్ళీ పురుగుకే ఉపయోగం. జిగురు వాసన సంగతి వేరే. ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు అయితే ఆలోచించనే వద్దు. మిగిలిన ప్లైవుడ్ పైకప్పుకి, రేకు కింద వాడుకోండి. అక్కడ ఇబ్బంది లేదు.

టేకు అన్నిటికన్నా బాగుంటుంది, కాదనను. కానీ పెట్టెకి టేకే కావాలని లేదు. పనస చెక్క చాలా మంచిది, తేలిగ్గా కోతకి వస్తుంది, వంపు తక్కువ. అరకు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్‌తో చేసిన పెట్టెలు కూడా బాగానే ఉన్నాయి, ఎండబెట్టి వాడితే. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాలు, అల్మరా పలకలు దొరికితే వదలకండి. ఎన్నో ఏళ్ళుగా ఎండిన చెక్క, ఇక కదలదు. మేకులు మాత్రం ఏరుకోవాలి, లేకపోతే రంపం బ్లేడు పోతుంది. పాత రంగు ఉన్న పొర పూర్తిగా చిత్రిక పట్టెయ్యండి. ఘాటు వాసన ఉన్న చెక్కా, చెదల మందు కొట్టిన చెక్కా వద్దు.

మీది మామిడి తోట కాబట్టి మామిడి చెక్క గురించి అడుగుతారు. బాగా ఎండితే పనికొస్తుంది, మన్నిక తక్కువ. కానీ తోటలో పడిన చెట్టుని కోయించి నెల రోజుల్లో పెట్టె కట్టకండి. ఏలూరు వైపు ఒక రైతు గాలివానకి పడిన చెట్టుతో అలాగే చేశాడు. చైత్రం వచ్చేసరికి ఆయన పిల్లల గదిని ఎత్తి పక్కన బల్ల మీద పెడితే, గోడల మీద కాకుండా ఫ్రేముల మీద నిలబడింది. గోడ ఎత్తు కుదించుకుపోయి ఫ్రేములు కిందికి పొడుచుకొచ్చాయన్నమాట.

దీని వెనక కారణం ప్రతి వడ్రంగికీ తెలిసిందే. చెక్క పొడవు వైపు దాదాపు మారదు, అడ్డంగా మాత్రం పెరుగుతుంది, తగ్గుతుంది. పెట్టె గోడ ఎత్తు అంటే పలక వెడల్పు, అడ్డం వైపు. ఫ్రేమ్ పక్క పట్టీ నిలువు అంటే చెక్క పొడవు వైపు. గోడ కదులుతుంది, ఫ్రేమ్ కదలదు. ఎండిన చెక్కలో కూడా 160 మి.మీ. వెడల్పు మీద ఎండకీ వానకీ ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర తేడా వస్తుంది. 7 సందు దాన్ని తట్టుకుంటుంది. పచ్చి చెక్క నూటికి 5 వంతులు తగ్గినా 8 మి.మీ. పోతుంది, అంటే మీరు వదిలిన సందు మొత్తం.

అడితిలో కొనేటప్పుడు లెక్క తేలిక. 10 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు, అంగుళం మందం పలక ఒకటి తీసుకుంటే చిత్రిక పట్టాక అందులో ఒక పిల్లల గది, ఒక తేనె గది గోడలు వచ్చేస్తాయి. 160, 78, మధ్యలో రంపం కోత కలిపితే 242 అవుతుంది, పలక వెడల్పులో సరిగ్గా ఇమిడిపోతుంది. ఇది ఘనపుటడుగులో పావు పైచిలుకు. ఫ్రేములకి, అడుక్కి, మూతకి వేరే తీసుకోవాలి. ఎత్తుకు రెండు పలకలు అతికించాల్సిన పని లేకుండా వెడల్పు పలక చూసుకోండి.

పలక చివర చూస్తే వలయాలు కనిపిస్తాయి కదా. చెట్టు గుండె వైపు పెట్టెకి బయటికి, బెరడు వైపు లోపలికి వచ్చేలా పెట్టండి. చెక్క ఆరినప్పుడు బెరడు వైపు పల్లంగా వంగుతుంది. ఇలా పెడితే పై అంచూ, కింది అంచూ లోపలికి ఒత్తుకుని జాయింటు బిగుస్తుంది. తిరగేసి పెడితే మూలలు పైనా కిందా నోరు తెరుస్తాయి, స్క్రూలు కూడా ఆపలేవు.

జాయింటు

నెట్‌లో ఫింగర్ జాయింట్ (పలకల చివరలు వేళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరేది) వీడియోలు చూసి అది లేకపోతే పెట్టె కాదనుకుంటారు. చూడ్డానికి బాగుంటుంది, గట్టిదే. కానీ ఫ్రేములు కూర్చునే గాడి తీసినప్పుడు పైవేలు దగ్గర అది బయటికి పారిపోయి, మూలలో చిన్న బెజ్జం మిగులుతుంది. దాన్ని మళ్ళీ పూడ్చుకోవాలి. మీ దగ్గర ట్రిమ్మర్ ఉంది కాబట్టి సాదా గాడి జాయింటు చేయండి.

పొడుగు పలకలు రెండు, 286 చొప్పున. వాటి లోపలి ముఖం మీద రెండు చివర్లా 23 వెడల్పు, 11.5 లోతు గాడి తీయండి. పొట్టి పలకలు రెండు, 233 చొప్పున. అవి ఆ గాడిలో కూర్చుంటాయి. లోపల 240, 210 వాటంతట అవే వస్తాయి. ఫ్రేములు కూర్చునేది ఈ పొట్టి పలకల పైనే. వాటి పై లోపలి అంచున 9 వెడల్పు, 6 లోతు గాడి. దీని చివరలు పొడుగు పలక వెనక దాగిపోతాయి, కాబట్టి బయటికి బెజ్జం పడదు. పై పట్టీ పొడవు 255 పెట్టుకోండి. చెవులకి కొంచెం ఆడే జాగా ఉంటుంది.

జిగురు నీటికి తట్టుకునే రకం వాడండి, ఫెవికాల్ మెరైన్ లాంటిది. మామూలు తెల్ల జిగురు రెండో వానాకాలానికి వదిలేస్తుంది. మూలకి మూడేసి స్క్రూలు, ముందు బెజ్జం వేసి బిగించండి. జిగురు ఆరకముందే లోపలి మూలల నుంచి మూలలకి టేపు పట్టండి. రెండు వైపులా 319 రావాలి. ఒకటి 321, ఇంకోటి 317 వస్తే పెట్టె పక్కకి వాలింది, పొడుగ్గా ఉన్న మూలని నొక్కి సరిచేసి క్లాంపు వేయండి. మూలమట్టం ఒక మూలకే చూపిస్తుంది, ఈ కొలత పెట్టె మొత్తాన్ని చూపిస్తుంది.

ఫ్రేములు: పనంతా ఇక్కడే

ఒక పిల్లల గదికీ, ఒక తేనె గదికీ కలిపి 14 ఫ్రేములు. ఒక్కో దానికి నాలుగు ముక్కలు, అంటే 56. పెట్టె గోడలు ఎనిమిదే. చాలామంది పెట్టె మీద ఆదివారం అంతా గడిపి, ఫ్రేములు ఆదరాబాదరాగా ముగిస్తారు. నేను ఫ్రేములు ముందు చేయమన్నది అందుకే. ఫ్రేములు ఒకే తీరుగా వచ్చాక, వాటిని వరసగా నిలబెట్టి కొలిచి పెట్టె కడితే సందులు తప్పవు.

పక్క పట్టీలు ఒక్కొక్కటిగా కోసి గాడి పెట్టకండి. 28 మందానికి చిత్రిక పట్టిన పలకలోంచి 153 పొడవు, 105 వెడల్పు దిమ్మె ఒకటి కోయండి, చెక్క నార 153 వైపు ఉండాలి. దిమ్మె పై చివర మధ్యలో 21 వెడల్పు, 6 లోతు గాడి, కింది చివర 12 వెడల్పు, 3 లోతు గాడి తీయండి. పై మూడో వంతు వదిలి, మిగతా భాగాన్ని రెండు వైపులా మూడున్నర చొప్పున తగ్గించండి. అప్పుడు దిమ్మెని 10 మి.మీ. చొప్పున ముక్కలు చేస్తే ఎనిమిది పట్టీలు వస్తాయి, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటాయి. పైన వెడల్పుగా ఉన్న చోట ఫ్రేములు ఒకదానికొకటి ఆనుకుంటాయి, కింద సన్నగా ఉన్న చోట ఈగలు తిరుగుతాయి.

ఈ ముక్కలు చేయడం చేతిలో పట్టుకునే సర్క్యులర్ సాతో వద్దు. చిన్న ముక్కల దగ్గర వేళ్ళు పోతాయి. ఊళ్ళో వడ్రంగి షాపులో టేబుల్ సా ఉంటుంది, దిమ్మెలు తీసుకెళ్ళి తోపుడు కర్రతో కోయించుకోండి. అరగంట పని.

పై పట్టీ అడుగున మధ్యలో మైనపు షీటు (ఈగలు పట్టు కట్టడానికి గదుల అచ్చు వేసిన పలుచటి మైనం) కోసం 3 వెడల్పు, 2 లోతు సన్న గాడి ఉండాలి. షీటు కొనేటప్పుడు నాటు ఈగదని గట్టిగా అడగండి. ఇటాలియన్ ఈగ షీటులో గది 5.4 మి.మీ. ఉంటుంది, మన ఈగ గది నాలుగున్నర చుట్టుపక్కల. ఆ పెద్ద షీటు ఇస్తే మన ఈగలు దాన్ని సరిగ్గా కట్టవు. దొరక్కపోతే షీటు లేకుండా గాడిలో వేలెడు వెడల్పు మైనం పట్టీ అతికించినా చాలు, దాన్ని పట్టుకుని కిందికి కట్టుకుపోతాయి. పెట్టె మట్టంగా నిలబడి ఉండాలి, అంతే. వాలుగా ఉంటే పట్టు ఫ్రేములోంచి పక్కకి పోతుంది.

కింది పట్టీకి వెదురు బద్ద చక్కగా సరిపోతుంది. పై పట్టీ పక్క పట్టీల గాడిలో కూర్చున్నాక జిగురు పెట్టి, ముప్పావు అంగుళం సన్న మేకులు రెండేసి కొట్టండి. ముందు సన్న బెజ్జం వేయకపోతే పట్టీ చీలుతుంది. తేనెతో నిండిన ఫ్రేముని చెవులు పట్టి ఎత్తినప్పుడు బరువంతా ఈ జాయింటు మీదే పడుతుంది.

మీరు నాలుగు పెట్టెలు చేస్తానన్నారు కాబట్టి ఒక కొలకర్ర చేసుకోండి. అన్ని కొలతలూ దాని మీదే గీసుకుని, టేపు పక్కన పడేయండి. ఒక పెట్టె ఫ్రేమ్ ఇంకో పెట్టెలో తడుముకోకుండా కూర్చోవాలి. బలహీనంగా ఉన్న కుటుంబానికి బలమైన దాంట్లోంచి పిల్లల ఫ్రేము మార్చాల్సి వస్తుంది. అప్పుడు కొలత కుదరకపోతే చేసేదేమీ ఉండదు.

అడుగు పలక, మూత, స్టాండు

అడుగు పలక 350 × 256. మూడు వైపులా 22 వెడల్పు, 8 ఎత్తు బీడింగ్ కొట్టి దాని మీద పెట్టె పెట్టండి. ముందు మిగిలిన 64 మి.మీ. ఈగలు దిగే అరుగు. ముందు వైపు సందులో ఒక చెక్క కడ్డీ పెట్టి 88 మి.మీ. మాత్రం ద్వారంగా వదలండి. కడ్డీకి మేకు కొట్టకండి, తీసి అడుగు శుభ్రం చేసుకోవాలి. అడుగు పలకని కూడా పెట్టెకి మేకులతో బిగించొద్దు. అడుగున రాలిన మైనపు పొట్టులోనే పురుగు పెరుగుతుంది. వారం పది రోజులకోసారి పెట్టె ఎత్తి గీకి తుడిచేస్తే సగం జబ్బు దూరమవుతుంది.

మూతకి సన్న జాలీ కొట్టిన గాలి బెజ్జాలు రెండు పెట్టండి. పైన రేకు వేస్తే రేకుకీ చెక్కకీ మధ్య వేలెడు గాలి సందు ఉంచండి. పిల్లలున్న చోట ఈగలు 34–35 డిగ్రీలు నిలబెడతాయి. మీ దగ్గర మే నెల ఎండకి రేకు నేరుగా తగిలితే తేనె బరువుకి మెత్తబడిన పట్టు జారిపోతుంది. చెట్టు నీడ, మిట్టమధ్యాహ్నం తడి గోనెపట్టా, ఈ రెండూ ఉంటే చాలు.

స్టాండు మోకాలెత్తు. కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమల కోసం. కాళ్ళకి చెద పట్టకుండా జీడిపిక్కల నూనె పూస్తారు. అది చర్మానికి తగిలితే కాలుతుంది, చేతికి గ్లవ్స్ వేసుకోండి, పెట్టెకి మాత్రం తగలనివ్వద్దు.

పూత

లోపల ఏమీ వద్దు. వార్నిషూ, లప్పం, సీలర్ ఏదీ వద్దు. ఒక పెద్దాయన లోపల కూడా మెరిసేలా వార్నిష్ వేయించిన పెట్టెలో ఈగల్ని సాయంత్రం దించితే మర్నాటికి ఒక్కటీ లేదు. బయట తెలుపో, లేత రంగో బయటి గోడల పెయింటు రెండు కోట్లు వేయండి. ఉడికించిన అవిసె నూనె పూసినా సరే. పలకల చివరి కోతల మీద ఎక్కువ పూయండి, నీళ్ళు పీల్చేది అవే. వేశాక రెండు వారాలైనా గాలికి వదిలి, ముక్కు లోపల పెట్టి చూడండి. మీకు వాసన వస్తుంటే ఈగకి ఇంకా ఎక్కువ వస్తుంది. ఈగల్ని దించే ముందు లోపలి గోడలకి తేనెమైనం ముద్దతో రుద్దితే బాగా కుదురుకుంటాయి.

నాలుగు ఒకేసారి వద్దు

మొదట ఒక్క పెట్టె చేయండి. వాన తగ్గి పూతలు మొదలయ్యేసరికి అది సిద్ధంగా ఉండాలి. తొర్రలోంచి పట్లు కోసి ఫ్రేములకి అరటినారతో కట్టే పని మొదటిసారి ఒక్కరే పెట్టుకోకండి, ఆ పని చేసినవాళ్ళని పక్కన ఉంచుకోండి. రాణి రాకపోతే మిగతా ఈగలు వచ్చినా నిలవవు. చింతచెట్టుకి దగ్గర్లోనే పెట్టె పెట్టండి. ఇంకొకరి దగ్గర్నుంచి ఈగలు కొంటే మాత్రం జబ్బు లేని కుటుంబమని చూసుకునే తీసుకోండి. 1991–92లో ఈగ పిల్లల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో నాటు ఈగల్ని ఊళ్ళకి ఊళ్ళుగా తుడిచిపెట్టింది, ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది.

ఈగలు దిగిన పదిహేను రోజులకి మూత తీసి, ఫ్రేములన్నీ అడ్డు పట్లు లేకుండా వేలితో జరుగుతున్నాయో లేదో చూడండి. ఎక్కడైనా అతుక్కుంటే ఆ సందు కొలిచి ఇక్కడ రాయండి, ఫొటో పెడితే ఇంకా మంచిది. అది సరిచేశాకే మిగిలిన మూడింటికి చెక్క కోయండి.